కులజ వ్యాధి – తీపి రుచి
మధుమేహంలో బీజం పాలెంత? ఆహారం పాలెంత?

చలికాలంలో దేవరాపల్లి నుండి చోడవరం మీదుగా అనకాపల్లికి ప్రయాణం చేసినవారికి దారి పొడవునా చెరకు తోటలు కనిపిస్తాయి. రైవాడ జలాశయపు నీరు, శారదానది పరీవాహకపు నేల ఈ ప్రాంతాన్ని చెరకు సీమగా తీర్చిదిద్దినవి. అనకాపల్లి బెల్లం విపణి దేశంలోని పెద్ద బెల్లం విపణులలో ఒకటి. ఇక్కడి చెరకు పరిశోధనా కేంద్రం 1913వ సంవత్సరంలోనే ఏర్పడినది. ఇటువంటి సీమలో తీపి అనేది పండుగనాటి భక్ష్యం మాత్రమే కాదు. అది పొలం, కూలి, ఇంటి ఆదాయం కూడా.

ఈ సీమలోని గృహాలలో నేడు తరచుగా వినవచ్చే ప్రశ్న ఒకటి ఉన్నది. “మా తాతగారు గానుగ దగ్గర కూర్చుని బెల్లపు ముక్కలు తిన్నవారే. ఎనభై ఏళ్లు బ్రతికారు. ఆయనకు లేని చక్కెర వ్యాధి నలభై ఏళ్లకే మా నాన్నగారికి ఎందుకు వచ్చినది? రేపు నాకు కూడా తప్పదా?” ఈ ప్రశ్నలో రెండు శంకలు ఇమిడి ఉన్నవి. మొదటిది వంశం గురించి. రెండవది తిండి గురించి. ఈ రెండింటినీ విడివిడిగా పరిశీలించి, పిదప కలిపి చూచిన గాని సరియైన సమాధానం దొరకదు.

వ్యాధి స్వరూపం

మనం తిన్న అన్నం, రొట్టె, తీపి పదార్థాలు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతాయి. ఆ గ్లూకోజు కణాలలోనికి ప్రవేశించడానికి ఇన్సులిన్ అనే స్రావం అవసరం. దీనిని క్లోమగ్రంథిలోని బీటా కణాలు తయారు చేస్తాయి. ఈ కణాలు పూర్తిగా నశించినందువలన వచ్చేది మొదటి రకపు మధుమేహం. ఇది ఎక్కువగా పిల్లలలోను, యువకులలోను కనిపిస్తుంది. ఇన్సులిన్ ఉత్పత్తి అవుతున్నా శరీరం దానికి సరిగా స్పందించక, క్రమంగా బీటా కణాలు అలసిపోయినందువలన వచ్చేది రెండవ రకపు మధుమేహం. మన ఇళ్లలో కనిపించేవారిలో అత్యధికులు ఈ రెండవ కోవకు చెందినవారే. ఈ వ్యాసంలో చర్చించేది ముఖ్యంగా దీనిని గురించియే.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితాలు 2023లో వెలువడినవి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల మంది. వయోజనులలో ఇది నూటికి 11.4 వంతు. మరొక 15.3 శాతం మంది వ్యాధికి ముందు దశలో ఉన్నారు. ఈ రెండవ సంఖ్యయే మనకు ముఖ్యం. ఏలననగా, వారిని వెనుకకు మరల్చే అవకాశం ఇంకా మిగిలియే ఉన్నది.

ప్రాచీనులు చెప్పినది

ఆయుర్వేదంలో ప్రమేహాలు ఇరవై విధాలు: కఫజములు పది, పిత్తజములు ఆరు, వాతజములు నాలుగు. వాతజములలో ఒకటి మధుమేహం. మూత్రానికీ, శరీరానికీ చీమలు, ఈగలు చేరడాన్ని చరకుడు వ్యాధి పూర్వలక్షణాలలో ఒకటిగా పేర్కొన్నాడు.

సుశ్రుతుడు చికిత్సా స్థానంలో ప్రమేహాన్ని మరొక విధంగా రెండుగా విభజించాడు. ఒకటి సహజం, అనగా తల్లిదండ్రుల బీజదోషం వలన పుట్టుకతో వచ్చినది. రెండవది అపథ్య నిమిత్తజం. అనగా తగని ఆహారవిహారాల వలన సంపాదించుకొన్నది. సహజ ప్రమేహి కృశించి, పొడిబారి, దప్పికతో బాధపడతాడనీ, అపథ్యం వలన ప్రమేహి అయినవాడు స్థూలకాయుడై, బాగా తిని, కూర్చోవడానికీ నిద్రించడానికీ ఇష్టపడతాడనీ లక్షణాలు చెప్పాడు. ఈ విభజనకు నేటి మొదటి, రెండవ రకాలతో కొంత పోలిక ఉన్నది. అయినా రెండూ ఒకటేనని గట్టిగా చెప్పరాదు. రెండవ రకంలో కూడా వంశపు పాలు బలంగా ఉన్నదని ఇప్పుడు తెలిసినది.

చరకుడు ప్రమేహ హేతువులను చెప్పేటప్పుడు సుఖాసనం, అతినిద్ర, పెరుగు, పాలు, కొత్త ధాన్యం మొదలైన వాటితో పాటు బెల్లపు వంటకాలను కూడా చేర్చాడు. బెల్లపు సీమలో ఉన్న మనం ఈ మాటను ప్రత్యేకంగా గమనించవలెను. ఆయనే, ప్రమేహి అయిన తల్లిదండ్రుల నుండి బీజదోషంతో సంక్రమించిన వ్యాధి అసాధ్యమని కూడా అన్నాడు. అసాధ్యమనగా సమూలంగా పోగొట్టడానికి వీలుకానిదని అర్థం. అదుపులో ఉంచలేనిదని కాదు. ఈ భేదం తెలియక కొందరు నిరాశ చెందుతారు. మరికొందరు “సమూలంగా నయం చేస్తాం” అనేవారి చేతికి చిక్కుతారు.

బీజం పాలు

అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పట్టణంలో తరతరాలుగా కుటుంబాలను పరిశీలించిన వైద్యులు 2000లో ప్రకటించిన లెక్క ప్రకారం, తల్లిదండ్రులలో ఒకరికి రెండవ రకపు మధుమేహం ఉన్నట్లయితే సంతానానికి ఆ వ్యాధి వచ్చే అవకాశం సుమారు మూడున్నర రెట్లు. ఇద్దరికీ ఉన్నట్లయితే సుమారు ఆరు రెట్లు. కవలలపై జరిగిన పరిశీలనలలో కూడా, ఒకే పిండం నుండి పుట్టిన కవలలలో ఒకరికి వ్యాధి ఉంటే రెండవవారికి రావడం, వేరువేరు పిండాల కవలలలో కంటె చాలా ఎక్కువగా కనిపించినది. అయినా ఒకే పిండపు కవలలలో సైతం రెండవవారికి రాని సందర్భాలు లేకపోలేదు. బీజం ఒక్కటే అయినప్పుడు కూడా ఫలితం ఒక్కటి కాకపోవడానికి కారణం జీవన విధానమే.

ఈ బీజం ఒక్క జన్యువులో లేదు. రెండవ రకపు మధుమేహంతో సంబంధమున్న జన్యుభేదాలు ఇప్పటికి కొన్ని వందలు తెలిసినవి. వాటిలో ఒక్కొక్కటి చేసే హాని స్వల్పం. అన్నీ కలిసినప్పుడే భారం పెరుగుతుంది. బలమైనదిగా పేరుపొందినది టి.సి.ఎఫ్.7 ఎల్2 అనే జన్యువు. దీనికీ మధుమేహానికీ గల సంబంధం 2006లో ఐస్‌లాండు శాస్త్రజ్ఞుల ద్వారా వెలుగులోనికి వచ్చినది. మరుసటి సంవత్సరమే, 2007లో, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుడు గిరిరాజ్ రతన్ చాందక్ బృందం, పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్‌తో కలిసి, భారతీయులలోనూ ఈ సంబంధం గట్టిగానే ఉన్నదని నిరూపించినది. ఈ జన్యుభేదం ముఖ్యంగా బీటా కణాల ఇన్సులిన్ స్రావాన్ని తగ్గిస్తుంది. అనగా అటువంటి బీజం కలవారి క్లోమగ్రంథి కొద్దిపాటి బరువు మోయగలదు గాని, పెద్ద బరువుకు త్వరగా వంగిపోతుంది.

క్షేత్రం పాలు

చెరకు రైతుకు తెలిసిన సత్యమే ఇక్కడ కూడా వర్తిస్తుంది. మంచి రకం విత్తనపు ముచ్చె అయినా నీరు నిలిచిన పొలంలో తీపి పట్టదు. సాధారణ రకమైనా మంచి నేలలో, తగిన సస్యరక్షణతో ఆశించిన దిగుబడి ఇస్తుంది. బీజం మన చేతిలో లేదు. క్షేత్రం మన చేతిలో ఉన్నది.

చక్కెర అణువులో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. గ్లూకోజు రక్తంలో చేరగానే క్లోమగ్రంథి ఇన్సులిన్ విడుదల చేయవలసి వస్తుంది. ఫ్రక్టోజు చాలావరకు కాలేయానికి చేరుతుంది. అక్కడ అవసరానికి మించినది కొవ్వుగా మారుతుంది. కాలేయంలో కొవ్వు పేరుకొన్నకొలదీ ఇన్సులిన్ మాటను కాలేయం వినదు. అప్పుడు క్లోమగ్రంథి మరింత శ్రమించవలసి ఉంటుంది. తీపి ద్రవరూపంలో ఉన్నప్పుడు ఈ హాని అధికం. నమలడం లేదు, కడుపు నిండిన తృప్తి లేదు, తీపి మాత్రం వేగంగా లోనికి పోతుంది. 2015లో అనేక పరిశీలనలను క్రోడీకరించినప్పుడు, రోజూ ఒక పాత్ర తీపి పానీయం తాగేవారిలో మధుమేహం వచ్చే అవకాశం 18 శాతం ఎక్కువగా కనిపించినది. స్థూలకాయపు ప్రభావాన్ని తీసివేసి చూచినా 13 శాతం మిగిలినది.

అయితే నేరమంతా చక్కెరదేనని అనుకోరాదు. తెల్లగా మర పట్టిన బియ్యపు అన్నం కూడా త్వరగా గ్లూకోజుగా మారుతుంది. 21 దేశాలలో జరిగి 2020లో ప్రకటితమైన ఒక పరిశీలనలో, దక్షిణాసియాలో రోజుకు 450 గ్రాములు, అంతకు మించి తెల్లన్నం తినేవారికి మధుమేహపు అవకాశం, 150 గ్రాముల లోపు తినేవారికంటె 61 శాతం ఎక్కువగా ఉన్నట్లు తేలినది. కాఫీలో చక్కెర మానివేసి, మూడు పూటలా అన్నపు రాశి ముందు కూర్చునేవారు ఈ సంగతి గ్రహించవలెను.

బెల్లం మంచిది కాదా?

ఇది మన ప్రాంతపు సున్నితమైన ప్రశ్న. “చక్కెర మానివేశాను, బెల్లమే వాడుతున్నాను” అని తృప్తిపడే మధుమేహులు ఎందరో. శుద్ధి చేసిన చక్కెరలో లేని కొద్దిపాటి ఖనిజాలు బెల్లంలో ఉన్నమాట నిజం. కాని బెల్లంలో అధికభాగం చక్కెరయే. రక్తంలో గ్లూకోజును పెంచడంలో అది చక్కెరకు ఏమాత్రం తీసిపోదు. తాటిబెల్లం, తేనె విషయం కూడా ఇంచుమించు ఇంతే. ఆరోగ్యవంతుడు, శ్రమజీవి మితంగా తినే బెల్లం వేరు. మధుమేహి ఔషధమనుకొని తినే బెల్లం వేరు. రైతు పండించిన పంటను గౌరవించడానికి దానిని మందు అని పిలువవలసిన పని లేదు.

మరి తాతగారు ఎలా నిభాయించుకొన్నారు? ఆయన రోజంతా చెరకు నరికారు, మోపులు మోశారు, మైళ్లకొద్దీ నడిచారు. కండరం శ్రమించినప్పుడు ఇన్సులిన్ సహాయం అంతగా లేకుండానే గ్లూకోజును పీల్చుకొంటుంది. ఇంట్లో చోడి అంబలి, గంటె అన్నం, ముతక బియ్యం ఉండేవి. బెల్లం ఉన్నది గాని, ఆ బెల్లాన్ని కరిగించే పని కూడా ఉన్నది. మనుమడికి అదే బీజం వచ్చినది. ఆ పని మాత్రం రాలేదు. తాతగారి బీజంలో దోషం లేదని కాదు. అది బయటపడే సందర్భం ఆయనకు రాకపోయి ఉండవచ్చును.

రెండూ కలిసినప్పుడు

దీనికి ప్రపంచం నుండి మంచి దృష్టాంతం ఒకటి ఉన్నది. పీమా అనే అమెరికా ఆదివాసి జాతిలో కొందరు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అరిజోనాలోను, కొందరు మెక్సికో కొండలలోను నివసిస్తున్నారు. బీజం దాదాపు ఒక్కటే. 2006లో ప్రకటితమైన పరిశీలనలో, ఆధునిక ఆహారానికీ కూర్చునే జీవితానికీ అలవాటుపడిన అరిజోనా పీమాలలో మధుమేహం 38 శాతం. సేద్యపు శ్రమతో, సాదా తిండితో బ్రతికే మెక్సికో పీమాలలో 7 శాతం కంటె తక్కువ. 2012లో వెలువడిన మరొక పరిశోధనలో, స్థూలకాయానికి దోహదం చేసే జన్యువుల ప్రభావం తీపి పానీయాలు ఎక్కువగా తాగేవారిలో మరింత బలంగా కనిపించినది. అనగా తీపి అందరికీ ఒకే హాని చేయదు. వంశదోషం ఉన్నవారికి అది రెట్టింపు శత్రువు.

ఈ కథ తల్లి గర్భంలోనే ప్రారంభమవుతుంది. భారతీయ శిశువులు తక్కువ బరువుతో పుట్టినా వారి శరీరంలో కొవ్వు పాలు తగ్గదని, కండ మాత్రమే తగ్గుతుందని యాజ్ఞిక్ పుణె పరిసర గ్రామాల పరిశీలనలో చూపారు. మనలో సన్నగా కనిపించేవారికి కూడా మధుమేహం రావడానికి ఇది ఒక కారణం. బ్రిటనులో యుద్ధకాలపు చక్కెర రేషను 1953 సెప్టెంబరులో ముగిసినది. దానికి ముందు గర్భంలోను, శైశవంలోను తక్కువ చక్కెరతో పెరిగినవారిని, తరువాత పుట్టినవారితో పోల్చి 2024లో ప్రకటించిన పరిశోధనలో, మొదటివారిలో మధుమేహపు అవకాశం సుమారు 35 శాతం తక్కువగా ఉన్నది. వ్యాధి వచ్చినవారిలో కూడా అది సగటున నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చినది. కాబట్టి పసిబిడ్డ పాలలో చక్కెర కలపడం, ఏడుపు మాన్పడానికి తీపి నాకించడం మానవలెను. అలవాటు కాని రుచిని బిడ్డ అడగదు.

ఏమి చేయవలెను?

1. వంశవృక్షం వ్రాసుకొనండి. తల్లిదండ్రులు, మేనమామలు, మేనత్తలు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు – ఎవరికి, ఏ వయసులో వ్యాధి వచ్చినదో ఒక కాగితంపై వ్రాయండి. ఇంట్లో ఒకరికి ఉన్నా, 30 ఏళ్లు దాటిన ప్రతివారూ ఏటా రక్తపరీక్ష చేయించుకొనవలెను. పరగడుపున 100 నుండి 125 మి.గ్రా. వరకు, లేదా మూడు నెలల సగటును తెలిపే హెచ్‌.బి.ఎ1సి. 5.7 నుండి 6.4 వరకు ఉంటే అది ముందు దశ. పరగడుపున 126, లేదా హెచ్‌.బి.ఎ1సి. 6.5 దాటితే, మరల పరీక్షించి వైద్యుడు వ్యాధిని నిర్ధారిస్తాడు. గర్భిణీ స్త్రీలకు ఈ పరీక్ష తప్పనిసరి.

2. తీపిని చెంచాలతో లెక్కించండి. కలిపిన తీపి మొత్తం శక్తిలో పదవ వంతుకు మించరాదనీ, ఇరవయ్యవ వంతుకు తగ్గితే మరింత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఈ రెండవ పరిమితి రోజుకు సుమారు 25 గ్రాములు. చెంచాకు 5 గ్రాముల చొప్పున, రెండేసి చెంచాల చక్కెరతో మూడుసార్లు కాఫీ తాగితేనే 30 గ్రాములు అయినది. 300 మి.లీ. శీతల పానీయంలో కూడా దాదాపు అంతే ఉంటుంది. గానుగ దగ్గర తాగే గ్లాసెడు చెరకు రసం కూడా లెక్కలోనిదే. ఒకేసారి మానలేనివారు వారానికి అర చెంచా చొప్పున తగ్గించుకొనండి. నాలుక నెలలోనే అలవాటుపడుతుంది.

3. విస్తరిని మార్చండి. సగం కూరలు, ఆకుకూరలు. పావు పప్పు, పెసలు, ఉలవలు లేదా మజ్జిగ, గ్రుడ్డు వంటివి. పావు మాత్రమే అన్నం. ముందు కూర, పప్పు తిని, పిదప అన్నం తినడం మేలు. చోళ్లు, గంటెలు, కొర్రలు, సామలు మంచివే. అయితే ఇవి కూడా ధాన్యాలే. మెత్తగా పిండి చేసి పలుచగా కాచిన అంబలి గింజ అన్నం కంటె త్వరగా జీర్ణమై గ్లూకోజుగా మారుతుంది. మితం తప్పరాదు.

4. భోజనానంతరం నడవండి. రోజుకు అరగంట చురుకైన నడక, దానితో పాటు ప్రతి భోజనం తరువాత పది నిమిషాలు. ప్రమేహ చికిత్సలో దీర్ఘ పాదయాత్రనూ, బావి త్రవ్వడాన్నీ కూడా సుశ్రుతుడు చేర్చాడు. నేటి శాస్త్రం దానిని కాదనలేదు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ముందు దశలో ఉన్నవారిపై జరిపిన పరిశోధన 2006లో వెలువడినది. మూడేళ్లలో సాధారణ సలహాతో విడిచిపెట్టినవారిలో 55 శాతం మంది మధుమేహులయ్యారు. ఆహారం, నడక సవరించుకొన్నవారిలో 39 శాతం మంది మాత్రమే అయ్యారు. వీరందరూ భారతీయులే. బీజం మారలేదు, క్షేత్రం మారినది.

5. నడుము కొలవండి. పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకుండా చూచుకొనవలెను. బరువు కంటె ఈ కొలత మనవారికి నిజం చెబుతుంది.

వంటింటి ఔషధాలు

మెంతులు: ఒక చెంచా మెంతులు రాత్రి నానబెట్టి, ఉదయం గింజలతో సహా నమిలి తినవచ్చును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990లో ప్రకటించిన పరిశోధనలో మెంతిపిండి రక్తంలోని గ్లూకోజును తగ్గించినది. అయితే అక్కడ వాడినది నూనె తీసిన పిండి రోజుకు 100 గ్రాములు. కాబట్టి చెంచాడు మెంతుల నుండి అంతటి ఫలితాన్ని ఆశించరాదు. అది సహాయకారి మాత్రమే.

ఉసిరి, పసుపు: ప్రమేహానికి ఈ రెండూ శ్రేష్ఠమని వాగ్భటుడు అష్టాంగహృదయంలో పేర్కొన్నాడు. ఉసిరిక చూర్ణం, పసుపు సమభాగాలుగా కలిపి అర చెంచా గోరువెచ్చని నీటితో తీసుకొనవచ్చును. పిత్తాశయంలో రాళ్లు ఉన్నవారు, రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగవలెను.

పొడపత్రి: దీని ఆకు నమిలి, వెంటనే బెల్లపు ముక్క నోట వేసుకొంటే మట్టి తిన్నట్లుంటుంది. తీపి రుచి కొంతసేపు తెలియదు. తీపిపై మోజు చంపుకొనదలచినవారికి ఇది మంచి ఉపాయం.

కాకరకాయ: కూరగా తరచు వాడవచ్చును. చేదు పోవునట్లు బెల్లం వేసి వండితే ఉద్దేశమే నెరవేరదు!

ముఖ్యమైన హెచ్చరిక

పై వాటిలో ఏదియూ ఇన్సులిన్‌కు గాని, వైద్యుడు వ్రాసిన మాత్రలకు గాని ప్రత్యామ్నాయం కాదు. మందులు వాడుతూ ఇవి కూడా మొదలుపెట్టేవారు వైద్యునికి తెలియజేయవలెను. లేనియెడల గ్లూకోజు మరీ పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం సంభవించవచ్చును. అటువంటి సమయంలో మాత్రం, స్పృహ ఉన్నట్లయితే, వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వడమే ప్రాణరక్షణ. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక, ఆసుపత్రికి తీసుకొని పోవలెను. పిల్లవాడు అధిక దాహంతో, పదే పదే మూత్రవిసర్జనతో త్వరత్వరగా చిక్కిపోతున్నట్లయితే మూలికలతో కాలయాపన చేయక, ఆనాడే ఆసుపత్రికి తీసుకొని వెళ్లవలెను. మొదటి రకపు మధుమేహానికి ఇన్సులిన్ తప్ప వేరొక మార్గం లేదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాము. “నాకు కూడా తప్పదా?” తప్పదని వ్రాసిపెట్టి లేదు. తప్పించుకొనడం అందరికీ సాధ్యమని కూడా చెప్పలేము. అన్ని జాగ్రత్తలు తీసుకొన్నా కొందరికి వ్యాధి వస్తుంది. అది వారి దోషం కాదు, సిగ్గుపడవలసిన విషయం అంతకంటె కాదు. వచ్చినా, పదేళ్లు ఆలస్యంగా వచ్చిన వ్యాధి కన్నులనూ, మూత్రపిండాలనూ, పాదాలనూ అంతకాలం కాపాడినట్లే. తండ్రికి వ్యాధి ఉన్నదని తెలిసిన కుమారుడికి ఇతరులకు లేని ఒక మేలు ఉన్నది: శత్రువు ఏ దిక్కు నుండి వస్తాడో అతనికి ముందే తెలుసు. ఈ సంక్రాంతికి అరిసె ఒకటి తిని, రెండవది ప్రక్కవారికి ఇచ్చి, పొలం గట్టు వెంట ఒక మైలు నడచి రావడం ఆ తెలివికి శుభారంభం.